గిటార్ లూపర్: పొరలు ఎక్కడ కలవాలి?

ఒకే గిటార్, ఒకే యాంప్, ధ్వనిని మార్చడానికి కాలితో నొక్కే అవే పెడళ్లు. వాటి మధ్య, వాయించినదాన్ని తిప్పి వినిపించే లూపర్ పెడల్ ఉన్న చోటు ఒక్కటి మారిస్తే చాలు, విడివిడిగా వినిపించాల్సిన మూడు వరసలు కలిసిపోయి రొద అవుతాయి. లూపర్ కొన్న కొత్తలో చాలామంది ఈ తప్పును తమ వేళ్ల మీదికి తోసేస్తారు. వేళ్ల తప్పేమీ లేదు.

లూపర్ పని చిన్నదే. కాలితో నొక్కితే రికార్డింగ్ మొదలవుతుంది. మళ్లీ నొక్కితే ఆ ముక్కనే తిప్పితిప్పి వినిపిస్తుంది. దాని మీద ఇంకో వరస వాయిస్తే రెండింటినీ కలిపి దాచుకుంటుంది. ఆ కలపడం అచ్చమైన కూడిక. గిటార్ నుంచి వచ్చే వోల్టేజీని సాధారణంగా సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. కొత్త పొర వస్తే పాత అంకెకు కొత్త అంకె కలుపుతుంది. ఒక్కో అంకెకు 16 బిట్లు అనుకుంటే 5 నిమిషాల మోనో ధ్వనికి దాదాపు 26 మెగాబైట్లు సరిపోతాయి. పది పొరలు వేసినా దాచేది ఆ మొత్తాన్నే, కాబట్టి జాగా పెరగదు. కలిసిపోయిన వాటిని మళ్లీ విడదీయడమూ కుదరదు. అందుకే ఒంటి మీట పెడళ్లలో సాధారణంగా చివరి పొరను మాత్రమే చెరపగలం.

కూడికతో పేచీ లేదు. రెండు ధ్వనులను కలిపి డిజిటల్ ఎకోలోకి పంపినా, విడివిడిగా పంపి తర్వాత కలిపినా వినిపించేది ఒకటే. రాక్ గిటార్‌కు గరుకు ధ్వనినిచ్చే డిస్టార్షన్‌కు ఈ లెక్క వర్తించదు. అది తరంగం కొనలను నరికేస్తుంది. ఎంత నరకాలన్నది ఆ క్షణాన ఉన్న మొత్తం వోల్టేజీని బట్టి ఉంటుంది. రెండు స్వరాలు ఒకేసారి లోపలికి వెళితే, వాటి పౌనఃపున్యాల మొత్తాలు, తేడాలు కొత్త ధ్వనులుగా పుట్టుకొస్తాయి. 110 హెర్ట్జ్‌ను షడ్జమం అనుకుంటే పంచమం 165. తేడా 55, అంటే సరిగ్గా కింది స్థాయి షడ్జమం. రాక్ గిటారిస్టులకు ఆ రెండు స్వరాల పవర్ కార్డ్ అంటే అంత మక్కువ ఉండటానికి ఇదో పెద్ద కారణం. అదే 110తో పాటు గిటార్ ఫ్రెట్ల మీద పలికే గాంధారం, 138.6 హెర్ట్జ్, వాయించండి. తేడా 28.6. ఆ శ్రుతిలో దానికి చోటే లేదు, వినడానికి గురగుర.

ఇప్పుడు లూపర్‌ను డిస్టార్షన్ ముందు పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బేస్ వరస, కార్డులు (కలిపి మోగించే స్వరాలు), సోలో అన్నీ కలిసి ఒకే కత్తి కిందికి వెళతాయి. ప్రతి స్వరమూ మిగతా అన్నింటితో గొడవపడుతుంది; గట్టిగా ఉన్న పొర మెత్తటి దాన్ని నొక్కేస్తుంది. లూపర్ డిస్టార్షన్ తర్వాత ఉంటే ఏ పొరకు ఆ పొర విడిగా నలిగి, ఆపైన కూడికలో కలుస్తుంది. 1972లో లండన్‌లో గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్, సంగీతకారుడు బ్రయన్ ఈనో రెండు రెవాక్స్ టేప్ రికార్డర్ల మధ్య ఒకే టేపును నడిపి పొరలు పేర్చినప్పుడు కూడా ఫ్రిప్ గిటార్ ఫజ్ అనే ఒక రకం డిస్టార్షన్ దాటాకే టేపు మీదికి చేరింది. ఒకదాని మీద ఒకటి పడ్డా ఆ దీర్ఘ స్వరాలు ముద్ద కాలేదు.

డిస్టార్షన్ యాంప్‌దే అయితే వెనక సెండ్, రిటర్న్ అనే రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. డిస్టార్షన్ పుట్టించే ప్రీయాంప్ భాగం పని ముగిసేది అక్కడే, లూపర్ కూర్చోవాల్సిందీ అక్కడే. అవి లేకపోతే యాంప్‌ను క్లీన్‌గా, అంటే డిస్టార్షన్ లేకుండా ఉంచి, డిస్టార్షన్ పెడల్‌తో తెచ్చుకుని, లూపర్‌ను వరసలో చివర పెట్టండి. హాల్లో మారుమోగినట్టు వినిపించే రివర్బ్‌ను మాత్రం లూపర్ తర్వాత ఉంచడమే నాకిష్టం. లూప్ ఆపినప్పుడు తోక తెగినట్టు ఉండదు.

ఇంక కాలు. నిమిషానికి 120 బీట్ల టెంపోలో, బార్‌కు నాలుగు బీట్ల చొప్పున నాలుగు బార్లంటే 8 సెకన్లు. మీట 50 మిల్లీసెకన్లు ఆలస్యమైతే లూప్ నిడివి 8.05 అవుతుంది. ఒంటరిగా వాయించేటప్పుడు పెద్దగా తెలియదు. పక్కన డ్రమ్ మెషిన్ ఉంటే పది ఆవర్తాలకు అర సెకను, అంటే ఒక పూర్తి బీట్ వెనకబడిపోతారు. చివరి బీట్ వినగానే నొక్కడం ఇంకో అలవాటు. నొక్కాల్సింది తర్వాతి ఆవర్తం సమం, అంటే మొదటి బీట్ మీద. తాళం వేస్తూ సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

లూపర్‌ను అన్నిటికంటే ముందు పెట్టాల్సిన సందర్భం నాకు తెలిసి ఒక్కటే. ఒక వరస రికార్డు చేసి తిరగనిచ్చి, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని పెడళ్ల నాబ్‌లు తిప్పుతూ టోన్ వెతుక్కోవచ్చు.