మెలకువ వచ్చాక తొలి రెండు నిమిషాలు

తమకు కలలే రావని గట్టిగా చెప్పేవారు మనలో చాలామంది ఉంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు గాని, వారికి కలలు రావన్నదీ నిజం కాదు. 1953లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్, మూసిన రెప్పల కింద కళ్లు వడివడిగా కదిలే నిద్రదశ ఒకటి ఉందని ప్రకటించారు. దానినే ఇప్పుడు రెమ్ నిద్ర అంటున్నారు. ఆ దశలో నిద్రపోతున్నవారిని 27 సార్లు లేపి అడిగితే 20 సార్లు కల వివరంగా చెప్పారు. కళ్లు కదలని వేళల్లో 23 సార్లు లేపితే 19 సార్లు ఏమీ గుర్తులేదన్నారు. ఇతర దశల్లోనూ కలలు వస్తాయని తర్వాత తేలింది. కలలు రావనేవారిని సరైన వేళకు లేపినప్పుడు వారిలోనూ చాలామంది కల చెబుతారు. కల రావడం వేరు, అది జ్ఞాపకంలో నిలవడం వేరు. అభ్యాసంతో మెరుగుపడేది రెండవదే.

నిలవకపోవడానికి కారణం చాలావరకు మెదడు రసాయనాల్లో ఉంది. పగటి అనుభవాలను జ్ఞాపకంగా మలచడానికి తోడ్పడే నోరడ్రినలిన్ విడుదల రెమ్ నిద్రలో దాదాపు ఆగిపోతుంది. పైగా ఆ దశలో చురుకుగా ఉండే కొన్ని నాడీకణాలు మరపును పెంచుతున్నాయని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2019లో ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో చూపారు. ఎలుక కలను అడిగి తెలుసుకునే వీలు లేదు కనుక దీన్ని మన కలలకు నేరుగా అన్వయించలేము గాని, నిద్రలోనే మరపుకు ఏర్పాటు ఉందనడానికి అది బలమైన ఆధారం.

అందువల్ల కలను కాపాడగలిగేది మెలకువే. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పెరీన్ రూబీ బృందం, కలలు తరచుగా గుర్తుండేవారినీ అరుదుగా గుర్తుండేవారినీ పోల్చి చూసింది. మొదటివారు నిద్రపట్టాక రాత్రి మొత్తంలో సగటున 30 నిమిషాలు మేలుకొని ఉంటే, రెండవవారు 14 నిమిషాలే ఉన్నారు. ఒక్కొక్క మెలకువ మొదటివారిలో సుమారు రెండు నిమిషాలు, రెండవవారిలో ఒక నిమిషం సాగుతుందని అదే బృందం తర్వాత గమనించింది. కల జ్ఞాపకంగా కుదురుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలన్నమాట. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన పెద్దలు అంటారు. నిజమవడం సంగతి ఎలా ఉన్నా, గుర్తుండడానికి మాత్రం అదే అనువైన వేళ, ఎందుకంటే సుమారు 90 నిమిషాలకొకసారి వచ్చే రెమ్ దశలు రాత్రి గడిచేకొద్దీ నిడివి పెరిగి, చివరిది నేరుగా మెలకువలోకి చేరే అవకాశం ఎక్కువ.

ఆ రెండు నిమిషాలను ఏది పాడుచేస్తుందో 1973లోనే అమెరికాలో కోహెన్, వోల్ఫ్ పరీక్షించారు. లేవగానే వాతావరణ సమాచారం కోసం ఫోన్ చేయమని కొందరికి చెప్పారు. ఆ చిన్న పనితోనే వారికి గుర్తుండే కలలు బాగా తగ్గాయి. నేడు కళ్లు తెరవగానే చేయి దిండు పక్కనున్న సెల్‌ఫోన్ మీదికి పోయేవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు. అంతకు చాలాముందే, 1893లో మేరీ కాల్కిన్స్ తన అధ్యయనంలో, కొవ్వొత్తి వెలిగించడం, పెన్సిల్ కోసం చేయి చాచడం వంటి కొద్దిపాటి కదలిక కూడా కలను చెదరగొట్టగలదని రాశారు.

కనుక మెలకువ రాగానే కళ్లు తెరవకుండా, పక్కకు కూడా ఒత్తిగిల్లకుండా, చివరగా కనిపించిన దృశ్యాన్నో, మనసులో మిగిలిన భయాన్నో సంతోషాన్నో పట్టుకుని, అంతకుముందు ఎక్కడున్నాం, ఎవరున్నారు అని వెనక్కి వెళ్లాలి. ఏమీ తోచకపోతే మెల్లగా ఇంతకుముందు పడుకున్న పక్కకు తిరిగి చూడాలి; కొందరికి ఇది పనిచేస్తుంది. ఆ తర్వాతే కాగితం. రాత్రి పడుకునేముందు కల గుర్తుంచుకోవాలని అనుకోవడం కూడా వృథా కాదు. కలల మీద ఆసక్తి ఉన్నవారికే అవి ఎక్కువగా గుర్తుంటాయి.

రాసేటప్పుడు పూర్తి వాక్యాలు రాయాలన్నది నా అభిప్రాయం, దానికి కారణం శాస్త్రవేత్త ఒట్టో లోవీ అనుభవం. నాడులు గుండెకు రసాయనం ద్వారా సందేశం పంపుతాయని నిరూపించే ప్రయోగం ఆయనకు నిద్రలో తోచింది. లేచి చిన్న కాగితంపై గిలికి మళ్లీ పడుకున్నారు. తెల్లవారాక ఆ రాత ఆయనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మూడు గంటలకు అదే ఆలోచన తిరిగి వస్తే, ఈసారి కాగితాన్ని నమ్మకుండా నేరుగా ప్రయోగశాలకు వెళ్లి కప్ప గుండెలపై దాన్ని చేసి చూశారు. 1936లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆయన కనుగొన్న పదార్థం అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. రెమ్ నిద్రలో మెదడులో పుష్కలంగా ఉండేదీ అదే.

బి6 విటమిన్ అధిక మోతాదులో తీసుకుంటే కలలు ఎక్కువగా గుర్తుంటాయని 2018లో ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష చెప్పింది గాని, అంత మోతాదు దీర్ఘకాలం వాడితే నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. కల కోసం అర్ధరాత్రి అలారం పెట్టుకోవడం కూడా నేను సూచించను. సెలవు రోజున అలారం లేకుండా, నిద్ర తీరేదాకా పడుకుంటే చాలు. పీడకలలతో బాధపడేవారు మాత్రం ఈ అభ్యాసానికి దిగేముందు వైద్యుణ్ని కలవడం మంచిది.