“ఎంత డోసు, డాక్టరు గారూ?”: సైకెడెలిక్ చికిత్సపై అపోహలు, వాస్తవాలు

అనుభూతులను, ఆలోచనలను కొన్ని గంటలపాటు మార్చేసే మందులతో కుంగుబాటు వంటి జబ్బులకు చేసే సైకెడెలిక్ చికిత్స గురించి ఎక్కడో విని హైదరాబాదులో నా క్లినిక్కుకు వచ్చేవారు డోసు ఎంతని అడుగుతారే తప్ప, ఆ గంటల్లో పక్కన ఎవరుంటారని అడగరు.

అపోహ: పనిచేసేదంతా మందే, ఎక్కడ తీసుకున్నా ఒకటే.

ఎక్కువమందిని దెబ్బతీస్తున్నది ఈ నమ్మకమే. కొడైకెనాల్ నుంచి స్నేహితుడు తెచ్చిన మత్తు పుట్టగొడుగులను హాస్టల్ గదిలో అర్ధరాత్రి ఒంటరిగా తిన్న ఒక అబ్బాయిని వాళ్ల అమ్మగారు నా దగ్గరకు తీసుకొచ్చారు. “నాకు పిచ్చి పట్టిందా సార్?” అని అతడు పదేపదే అడిగాడు. పట్టలేదు, కానీ ఆ రాత్రి భయం వదలడానికి నెలలు పట్టింది. పరిశోధనల్లో అలాంటి పుట్టగొడుగుల్లో ఉండే మందు సైలోసైబిన్‌ను ఇచ్చేటప్పుడు, కుటుంబంలో స్కిజోఫ్రెనియా (లేనివి వినిపించే, భ్రమలు కలిగే తీవ్ర మానసిక జబ్బు) ఉన్నవారిని ముందే పక్కన పెడతారు, మిగిలినవారితో కొన్ని సిట్టింగులు మాట్లాడతారు, మందు ప్రభావం ఉన్న ఆరేడు గంటలూ శిక్షణ పొందినవారు పక్కనే కూర్చుంటారు. ఇంటర్నెట్‌లో డోసు చెప్పేవారెవరూ ఇవి చెప్పరు.

మన దేశంలో సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డీ అనే మరో సైకెడెలిక్ 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద నిషిద్ధం; మేము ఇవ్వగలిగేది ఆపరేషన్లలో మత్తుకు వాడే కెటమిన్, అదీ కచ్చితంగా చెప్పాలంటే సైకెడెలిక్‌ల కోవకు కాస్త బయటిదే. తొలి రోజుల్లో నేనూ గదిని పట్టించుకోలేదు. కిలోకు 0.5 మి.గ్రా. చొప్పున 40 నిమిషాల డ్రిప్ నడుస్తుండగా కిటికీ కింద పెళ్లి బరాత్ బ్యాండు మొదలైంది. మంచం మీద ఉన్నావిడ హడలిపోయి సూది పీకేయబోయారు. మరుసటి వారం అదే డోసు, వెనుకవైపు గది, చెయ్యి పట్టుకున్న నర్సు: ఆవిడ ప్రశాంతంగా పూర్తిచేశారు.

అపోహ: అయితే వాతావరణమే ముఖ్యం, మందు నామమాత్రం.

ఇదీ తప్పే. 2022లో ప్రచురితమైన 233 మంది అధ్యయనంలో అందరికీ ఒకే తరహా మానసిక తోడ్పాటు లభించినా, మూడు వారాలకు 25 మి.గ్రా. సైలోసైబిన్ తీసుకున్నవారిలో కుంగుబాటు 1 మి.గ్రా. వారికంటే స్పష్టంగా తగ్గింది. అలాగని గర్వపడనక్కర్లేదు: 2023లో ప్రచురితమైన అధ్యయనంలో, శస్త్రచికిత్స మత్తులో ఉన్న 40 మంది కుంగుబాటు రోగులకు, ఏది ఇచ్చారో తెలియకుండా, కెటమిన్ గానీ మందు లేని ఉప్పునీరు గానీ ఇస్తే, రెండు వర్గాలూ దాదాపు సమానంగానే మెరుగుపడ్డాయి. ఆశ కూడా పనిచేస్తుంది.

అపోహ: ముందు మానసిక జబ్బుకు వాడుతున్న మామూలు మాత్రలు ఆపేయాలి.

సొంతంగా ఆపకండి. బైపోలార్ జబ్బుకు (మనసు అతి ఉత్సాహం, కుంగుబాటుల మధ్య ఊగే జబ్బు) ఇచ్చే లిథియం వాడుతూ సైకెడెలిక్‌లు తీసుకున్నవారిలో మూర్ఛలు వచ్చిన దాఖలాలున్నాయి. ఆ భయంతో లిథియం మానేస్తే, అది అదుపులో ఉంచిన జబ్బే తిరగబెట్టవచ్చు.