బావిలో రోబో, బోరు మెకానిక్ చెప్పిన కిటుకు

నీళ్లలో తిరిగే రోబో చేస్తానని మా అన్న కొడుకు 4 ఇంచుల పీవీసీ పైపు తెచ్చి, రెండు పక్కలా క్యాపులేసి, లోపల బ్యాటరీ, కెమెరా పెట్టినాడు, చంద్రగిరి దగ్గర మా బావిలో 15 అడుగులు దించినాం, పది నిమిషాలకే కెమెరా ఆఫ్. క్యాపు లీకయ్యుంటాదన్నాడు వాడు. అనుమానం సబబే, 10 మీటర్లు దిగితే చదరపు సెంటీమీటరుకి ఇంచుమించు 1 కేజీ ఒత్తిడి పెరుగుతాది, మా లోతుకి అర కేజీ కూడా లేదు గానీ క్యాపు మొత్తానికి లెక్కేస్తే 40 కేజీల పైమాటే. చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ వాళ్లు చేస్తా ఉండే, మనుషుల్ని సముద్రం అడుక్కి తీసుకుపోయే మత్స్య 6000 దిగాల్సింది 6,000 మీటర్లు, అందుకే మనుషులు కూర్చునే దాని గోళానికి 80 మిల్లీమీటర్ల మందం టైటానియం.

విప్పితే క్యాపులు పొడిగానే ఉండాయి. బయటినుంచి క్యాపు గుండా లోపలికొచ్చే వైరు చివర, తోలు ఒలిచిన చోట ఒక చుక్క వేలాడతా ఉంది. బయట ఎక్కడో వైరు తోలు గీసుకుపోయింది, రాగి పోగుల సందుల్లోంచి నీళ్లు, వత్తి నూనె పీల్చినట్టు పాక్కుంటా వచ్చేసినాయి, పైగా వెనకనుంచి ప్రెజర్ తోస్తా ఉంది, ఇంక పైన ఎంత ఎపాక్సీ జిగురు పూస్తే ఏం లాభం. వైరు క్యాపు దాటే చోట కొంచెం తోలు తీసి, పోగుల మధ్యకి సోల్డర్ నింపి, ఆ ముక్కనే ఎపాక్సీలో ముంచాల.

క్యాపు సందు మూసే గుండ్రటి రబ్బరు రింగు, అదే ఓ-రింగు, మాత్రం భలేది. నీళ్లు తోసేకొద్దీ గాడిలో ఇంకా బిగుసుకుంటాది. కాకపోతే కింద ఒక్క తలవెంట్రుక ఇరుక్కున్నా పని అయిపోయినట్టే, తుడిచి పల్చగా సిలికాన్ గ్రీజు రాయాల.

రోబోని నడిపే మోటారు షాఫ్టు బయటికొచ్చే చోట నీళ్లు దూరకుండా సీలు ఎట్లా అని తల బద్దలు కొట్టుకుంటుంటే బోరు మెకానిక్ నవ్వినాడు. "మేము మోటార్లో నీళ్లు పోసే కదా సామీ దించేది!" నిజమే బ్బా, ఆ రకం మోటారు వైండింగ్ వైరుకి ప్లాస్టిక్ తొడుగు ఉంటాది, లోపలా బయటా నీళ్లే కాబట్టి ఒత్తిడి సమానం, సీలుకి పోరాటమే లేదు. బ్రష్‌లెస్ మోటారూ అంతే, కాయిల్‌కి ఎనామిల్ పూత, కార్బన్ బ్రష్‌లు లేవు, నీళ్లలోనే తిప్పొచ్చు. వైరు జాయింట్లు మాత్రం మూసేయాల, బయటికి తీసినాక బేరింగులకి నూనె వేయాల.

రెండోసారి కెమెరా లేకుండా టిష్యూ పేపరు పెట్టి, రాయి కట్టి రాత్రంతా బావిలో వదిలినాం. పొద్దున పైపు గోడంతా సన్నగా చెమర్చి ఉంది, వాడి మొహం వాడిపోయింది. అది లీకు కాదు, మధ్యాహ్నం ఉక్కలో మూసిన గాలిలోని తేమే చల్లబడి గోడకి పట్టింది. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్లు రెండు వేసి మళ్లీ దించినాం, పేపరు గలగలలాడతా వచ్చింది.