ఎస్కేప్ నొక్కితే ఏది మూసుకోవాలి?

డైలాగ్ బాక్సులో పొడుగాటి ఫారం నింపుతున్నాం. మధ్యలో ఒక డ్రాప్‌డౌన్ (కిందికి తెరుచుకునే ఎంపికల జాబితా) తెరిచి, అక్కర్లేదనుకుని ఎస్కేప్ కొట్టాం. డ్రాప్‌డౌన్‌తో పాటు డైలాగ్ కూడా మాయం. అంతసేపు నింపిందంతా గోవిందా!

తప్పెవరిది? విడివిడిగా చూస్తే ఎవరిదీ కాదు. ఎస్కేప్ వస్తే మూసుకోమని డ్రాప్‌డౌన్‌కి కోడ్ రాశారు, డైలాగ్‌కీ రాశారు. నొక్కింది ఒక్కసారి, విన్నది ఇద్దరు.

క్లిక్‌కి తెరమీద ఒక చోటుంటుంది, కీకి ఉండదు. కాబట్టి ఆ క్షణాన ఫోకస్, అంటే కీబోర్డు గురి, పేజీలోని ఏ ఎలిమెంట్ (భాగం) మీదుంటే కీడౌన్ ఈవెంట్‌ను, అంటే మీట నొక్కారన్న కబురును, బ్రౌజర్ దానికే చేరుస్తుంది. అక్కడితో ఆగదు. నీటిబుడగలా పైకి లేచి, బయట ఉన్న ఒక్కో ఎలిమెంట్‌నూ తాకుతూ డాక్యుమెంట్ (మొత్తం పేజీ) దాకా పోతుంది. దీన్నే బబ్లింగ్ అంటారు. డ్రాప్‌డౌన్ తన పని కాగానే ‘ఇక ఆగు’ అని చెప్పే స్టాప్‌ప్రాపగేషన్ పిలిస్తే ఈవెంట్ పైకి వెళ్లదు. కానీ దాన్ని ఎడాపెడా వాడితే, షార్ట్‌కట్ల కోసం పైన కాచుకున్న కోడ్‌కి ఏ కబురూ అందదు. బ్రౌజర్ మామూలుగా చేసే పనిని వద్దనే ప్రివెంట్‌డిఫాల్ట్‌ను డ్రాప్‌డౌన్‌లో పిలిచి, డైలాగ్‌లో అలా వద్దన్నారని తెలిపే ‘డిఫాల్ట్‌ప్రివెంటెడ్’ నిజమా అని చూసుకోవడం నాకు నచ్చిన పద్ధతి. కబురు అందరికీ అందుతుంది, పని ఒక్కరే చేస్తారు.

ఫోకస్ అంటే గుర్తొచ్చింది. డివ్‌ని (ఉత్త పెట్టెలాంటి ట్యాగ్‌ని) బటన్‌లా ముస్తాబు చేసి క్లిక్ ఒక్కటే రాస్తే కీబోర్డుకి అది లేనట్టే. ట్యాబ్ కీతో చేరుకునేలా ట్యాబ్‌ఇండెక్స్ 0 ఇస్తే ఫోకస్ వస్తుంది గానీ ఎంటర్, స్పేస్ మనమే రాసుకోవాలి. అసలైన బటన్ ఎంటర్‌కి నొక్కగానే, స్పేస్‌కి వేలు తీశాక పనిచేస్తుంది. ఇంత తతంగం దేనికి, బటన్ ట్యాగే పెడితే పోలా?

కీ మన దగ్గరికే వచ్చినా మనం అనుకున్న అక్షరం కాకపోవచ్చు. భారతీయ భాషల కోసం ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఔట్‌లో ఇంగ్లిష్ ‘కె’ ఉన్న మీట నొక్కితే ఈవెంట్‌లోని ‘కీ’ విలువ ‘క’. మీట ఉన్న చోటు కావాలంటే ఈవెంట్‌లోనే ఉండే ‘కోడ్’ విలువ చూడాలి.

అన్నిటికంటే తలనొప్పి చాట్ బాక్సులో ఎంటర్. ‘ఎంటర్ వస్తే పంపు’ అని రాసేస్తాం. జపనీస్ టైప్ చేసేవాళ్లు పదాన్ని ఖాయం చేయడానికీ ఎంటరే కొడతారు. సగం వాక్యం అవతలికి వెళ్లిపోతుంది! పదం ఇంకా కూర్పులో ఉందని చెప్పే గుర్తు ‘ఈజ్‌కంపోజింగ్’ నిజమైతే ఆ ఎంటర్ మనది కాదని వదిలేయాలి. సఫారీ బ్రౌజర్‌లో చాలాకాలం పదం కూర్పు ముగిశాకే ఆ కీడౌన్ వచ్చేది, ఆ గుర్తు అబద్ధమని చూపేది. అందుకే, వాడొద్దని ఎప్పుడో పక్కన పెట్టిన కీకోడ్‌ని (మీటకో అంకె ఇచ్చే పాత పద్ధతిని) మళ్లీ తీసి, విలువ 229 అయితే, అంటే ఆ మీట పదం కూర్పుకి చెందినదైతే, పంపొద్దని రాసుకోవాల్సి వచ్చింది.