బంగారు ఈకల లెక్క

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

కొట్టుకోవడాలు లేకుండా తీరిగ్గా తిరిగే సాహసం వీడియో గేమ్ అడిగారుగా, ‘ఎ షార్ట్ హైక్’ ఆడండి. ఆడమ్ రాబిన్సన్-యూ చేసిన ఈ ఆట 2019లో వచ్చింది. క్లెయిర్ అనే పక్షి పిల్లకు ఫోన్ సిగ్నల్ కావాలి, అది హాక్ పీక్ కొండ కొసన తప్ప ఎక్కడా అందదు. కథంటే ఇంతే.

అసలు కిటుకంతా ఆటలో కూడబెట్టుకునే బంగారు ఈకల్లో ఉంది. నేల మీంచి ఎగరడం ఉచితం. గాల్లో ఉండగా మళ్లీ రెక్క కొడితే ఒక ఈక ఖర్చు. రాతిగోడ పట్టుకుని పాకుతుంటే ఈకలు ఒక్కొక్కటే కరిగిపోతాయి. కాలు నేలకు ఆనగానే అన్నీ తిరిగి నిండుతాయి. గాల్లో బటన్ నొక్కిపట్టి తేలుతూ పోవడానికి మాత్రం ఏమీ ఖర్చవదు.

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. గోడ కనబడగానే నిటారుగా పాకేస్తారు, సగంలో ఈకలైపోయి జారిపోతారు. ముందు తలెత్తి చూడండి. మధ్యలో ఎక్కడో కాస్త అంచు ఉంటుంది. అక్కడిదాకా పాకి, నిలబడి, ఈకలు నిండాక మళ్లీ మొదలుపెట్టండి. పడినా దెబ్బ తగలదు, ప్రాణం పోదు, కాబట్టి భయమెందుకు?

పైన మంచు మొదలయ్యాక ఈ లెక్క తప్పుతుంది. వాడిన ఈక గడ్డకట్టి, వెచ్చబడేదాకా నిండదు. అందుకే కిందే ఈకలు కూడబెట్టుకోండి, ఏడు దాకా ఉంటే ఇబ్బంది ఉండదు. విజిటర్ సెంటర్‌లో ఒక్కో ఈక 40 నాణేలు. ఇంకొకతను 100 చెప్తాడు! అతన్ని తిట్టుకోకుండా మాట కలపండి, ఎందుకంతో తెలుస్తుంది. దారిలో ఎవరు కనబడినా పలకరించాల్సిందే, ఈ ఆటలో సగం సరదా ఆ కబుర్లలోనే ఉంది. ఒక పిల్లాడైతే 15 గవ్వలు ఏరి తెమ్మంటాడు.

శిఖరం చేరాక దారి వెతుక్కుంటూ దిగకండి, అంచు మీంచి దూకి తేలుతూ వచ్చేయండి. దీవంతా కాళ్ల కింద కనబడుతుంది, ఎక్కేటప్పుడు తప్పిపోయిన మూలలు అప్పుడే దొరుకుతాయి.

బొమ్మలు గళ్లుగళ్లుగా కావాలనే గీశారు. కళ్లకు ఇబ్బందైతే సెట్టింగ్స్‌లో పిక్సెల్ సైజు తగ్గించుకోండి.

మీ తాతయ్య