స్టెంటుకు కళ్లెం పడింది, వాల్వు బయటే ఉండిపోయింది

ఛాతీ కోయకుండా గుండె వాల్వు మార్చే టావీ చికిత్స ఖర్చు మీద హైదరాబాద్‌లో వాదన మళ్లీ రాజుకుంది. వాల్వు ధరకు పరిమితి పెట్టాలని, ఆరోగ్యశ్రీ కార్డు ఉన్న పేషెంటుకు కూడా అది అందాలని ఒక పక్షం అంటోంది. పరిమితి పెడితే మంచి వాల్వులు మన దేశానికి రావని రెండో పక్షం. ఫ్రాన్స్‌లో డాక్టర్ అలాన్ క్రిబియే 2002 ఏప్రిల్‌లో మొదటి టావీ చేయడం, అక్కడి నుంచి అది ప్రపంచమంతా వ్యాపించడం ఇప్పటికే చాలామంది రాశారు. ఇవాళ్టి గొడవ అర్థం కావడానికి అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. 2017 ఫిబ్రవరి దగ్గర ఆగితే చాలు.

ఆ నెల 13న జాతీయ ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏ గుండె స్టెంట్లకు, అంటే మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలి గొట్టాలకు, గరిష్ఠ ధర ప్రకటించింది. మందు పూత ఉన్న స్టెంటుకు 29,600 రూపాయలు, పూత లేనిదానికి 7,260. అంతకుముందు పూత ఉన్న స్టెంటు ధర సగటున 1,21,000 రూపాయలు దాటి ఉండేది. ఈ నిర్ణయం రాత్రికి రాత్రి వచ్చింది కాదు. ఒక న్యాయవాది ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం వేసి వెంటపడితే 2016 జులైలో స్టెంట్లను అత్యవసర మందుల జాతీయ జాబితాలో చేర్చారు. మామూలుగా ధర పరిమితి పెట్టేది ఆ జాబితాలో ఉన్నవాటికే. 2017 జనవరిలో ఎన్‌పీపీఏ లెక్కలు బయటపెట్టాక జనానికి విషయం తెలిసింది. తయారీదారు చేయి దాటిన స్టెంటు పేషెంటు దాకా వచ్చేసరికి డిస్ట్రిబ్యూటర్, ఆస్పత్రి ఎవరి వాటా వాళ్లు వేసుకుంటున్నారు. కొన్నిచోట్ల ఆ మార్జిన్ 654 శాతం దాకా వెళ్లింది.

ఆ ఉత్తర్వులో ధరతో పాటు ఇంకో షరతు కూడా ఉంది. స్టెంటు ధర, బ్రాండ్, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఆస్పత్రి బిల్లులో విడిగా చూపించాలి. ధర తగ్గించడం కంటే ఇదే పెద్ద అడుగని నా అభిప్రాయం. అప్పటిదాకా ‘ప్యాకేజీ’ అనే ఒక్క మాట కింద దాగిన లెక్క మొదటిసారి పేషెంటు కుటుంబం చేతికి వచ్చింది.

కంపెనీలు అప్పుడూ ఇవాళ్టి మాటే అన్నాయి. కొన్ని ఖరీదైన రకాలను వెనక్కి తీసుకుంటామని అబాట్, మెడ్‌ట్రానిక్ దరఖాస్తు పెట్టుకున్నాయి. అయినా మన ఊళ్లో యాంజియోప్లాస్టీలు ఆగిపోలేదు. ఏడాది తర్వాత ధరలు సవరించినప్పుడు పూత స్టెంటు ఇంకా తగ్గి 27,890కి వచ్చింది.

టావీ వాల్వు మాత్రం ఆ ఉత్తర్వు పరిధిలోకి రాలేదు. ఆ రోజుల్లో ఈ చికిత్స జరిగేదే కొద్దిమందికి. వాల్వులన్నీ విదేశాల నుంచి రావాల్సిందే. పైగా అది అత్యవసర మందుల జాబితాలో లేదు. ఎవరూ పట్టించుకోకపోవడానికి ఈ కారణాలు సరిపోయాయి. గుండె వాల్వును చట్టం కింద మందుగానే లెక్కిస్తున్నారు కాబట్టి, వాల్వు ఎమ్మార్పీని ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదన్న నియమం దానికీ వర్తిస్తుంది. అయితే అది పెంపును ఆపే నియమమే, మొదట కంపెనీ వేసుకున్న ధరను అడిగేది కాదు.

ఈ విషయంలో హైదరాబాద్‌కు పాత అనుభవం ఉంది. 1990ల్లో స్టెంటు దిగుమతి సరుకు, మామూలు కుటుంబానికి అందని వస్తువు. ఇక్కడి రక్షణ పరిశోధన సంస్థల్లో పనిచేసిన అబ్దుల్ కలాం, కార్డియాలజిస్టు డాక్టర్ సోమరాజు కలిసి కలాం-రాజు స్టెంటు తయారు చేయించారు. ధర తగ్గాలంటే పరికరం ఇక్కడే తయారుకావాలని ఈ నగరంలో డాక్టర్లు అంత ముందే గ్రహించారు. వాల్వు విషయంలో ఆ అవకాశం 2018 తర్వాత వచ్చింది. గుజరాత్‌లోని వాపికి చెందిన మెరిల్ సంస్థ మైవాల్ తెచ్చింది. హైదరాబాద్ శివారు సుల్తాన్‌పూర్ పార్కులో స్టెంట్ల ఫ్యాక్టరీ పెట్టిన సహజానంద్ సంస్థకు హైడ్రా అనే వాల్వు ఉంది. దేశీ సరుకు నాసిరకమన్న అనుమానానికి 2024లో వచ్చిన ల్యాండ్‌మార్క్ ట్రయల్ చాలావరకు జవాబు చెప్పింది. 768 మంది మీద జరిగిన ఆ ట్రయల్‌లో, 30 రోజుల ఫలితాల్లో మైవాల్ పేరున్న విదేశీ వాల్వులకు తీసిపోలేదని తేలింది.

ఈలోగా టావీ అవసరమైనవాళ్ల సంఖ్య పెరిగింది. కాల్షియం పేరుకుని వాల్వు రాయిలా గట్టిపడి, ఆపరేషన్‌కు సర్జన్లు వద్దన్న ముసలివాళ్ల కోసం పుట్టిన చికిత్స ఇది. గజ్జ దగ్గర రక్తనాళం గుండా మడిచిన వాల్వును గుండె దాకా పంపి, పాత వాల్వు లోపలే విప్పుతారు. చుట్టూ గట్టిపడిన కాల్షియమే దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. ఆపరేషన్ చేయలేని పేషెంట్ల మీద 2010లో వచ్చిన పార్ట్‌నర్ ట్రయల్‌లో, మామూలు వైద్యం పొందినవాళ్లలో ఏడాదిలో 50.7 శాతం మంది చనిపోగా టావీ చేసినవాళ్లలో 30.7 శాతం మంది చనిపోయారు. 2019 మార్చిలో, ఆపరేషన్ తట్టుకోగలవాళ్లలో కూడా టావీ బాగా పనిచేస్తుందని పార్ట్‌నర్-3 చూపించింది.

టావీ అందరికీ సరిపోదన్న సర్జన్ల హెచ్చరికలో న్యాయం ఉంది. పార్ట్‌నర్-3లో పుట్టుకతోనే మూడు రెక్కలకు బదులు రెండే ఉన్న వాల్వు పేషెంట్లను తీసుకోలేదు. మన దగ్గర అలాంటివాళ్లు తక్కువేం కాదు. కొత్త వాల్వు గుండె కరెంటు దారిని నొక్కితే పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు. వయసు తక్కువైతే ఇంకో వాల్వు అవసరం పడే రోజు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎవరికి టావీ, ఎవరికి ఓపెన్ హార్ట్ అన్నది డాక్టర్లు కలిసి కూర్చుని తేల్చాల్సిన విషయం. ఇవాళ చాలా ఇళ్లలో దాన్ని తేలుస్తున్నది బ్యాంకు బ్యాలెన్స్.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. విదేశీ వాల్వుతో టావీ అంటే ప్రైవేటులో బిల్లు సాధారణంగా 15 లక్షలు దాటుతుంది. ధరను ముట్టుకోకుండా ఆరోగ్యశ్రీ పరిమితి ఒక్కటీ పెంచుకుంటూ పోతే ప్రభుత్వ సొమ్ము ఆ మార్జిన్లకే పోతుంది. అడ్డుకట్ట వేయాల్సింది ధర దగ్గర.

పరిశోధనకు, డాక్టర్ల శిక్షణకు, ఆపరేషన్ సమయంలో పక్కన నిలబడే సిబ్బందికి ఖర్చవుతుందని కంపెనీలు అంటున్నాయి. అది నిజమే, ఆ ఖర్చు ఎంతో లెక్క చూపించి ధరలో కలుపుకోవచ్చు. వాల్వు అత్యవసర జాబితాలో లేదు కాబట్టి నియంత్రణ కుదరదన్న వాదన మాత్రం నిలవదు. మోకాలి ఇంప్లాంట్లు కూడా ఆ జాబితాలో లేవు. స్టెంట్ల ఉత్తర్వు వచ్చిన ఆరు నెలలకే, 2017 ఆగస్టులో, ధరల నియంత్రణ ఉత్తర్వులోని 19వ పేరా కింద ప్రజాప్రయోజనం పేరుతో వాటికి పరిమితి పెట్టారు. లక్షన్నర దాటిన మామూలు మోకాలి ఇంప్లాంటు 54,720 రూపాయలకు దిగింది. ఆ 19వ పేరా ఇప్పటికీ అమల్లోనే ఉంది.