“ఫారిన్ ఫండ్ ఎప్పుడొస్తుందండీ?”: విన్సెంట్ డి పాల్ సభ్యులకు రోజూ ఎదురయ్యే అపోహలు

కోనసీమలో గానీ, భీమవరం, నరసాపురం వైపు గానీ, ఏ విచారణలో (చర్చి పరిధిలో) విన్సెంట్ డి పాల్ సభ్యులు, అంటే పేదల ఇళ్ళకు వెళ్ళి సాయపడే కతోలిక సంఘం వాళ్ళు, గుమ్మం ఎక్కినా మంచినీళ్ళు ఇచ్చాక వచ్చే మొదటి ప్రశ్న ఇదే. అడిగేవాళ్ళ మీద కోపం లేదు. ఇంట్లో మనిషి మంచాన పడి ఉంటే ఎవరైనా అడుగుతారు. కోపమల్లా ఈ మాటను పుట్టించి ఊరి మీదకు వదిలినవాళ్ళ మీదే. గృహస్థులు (ఫాదర్లు, సిస్టర్లు కాని మామూలు విశ్వాసులు) నడిపే సేవకు ఇంత నష్టం చేసిన పుకారు ఇంకొకటి లేదు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం. మిగతావాటికి నాలుగేసి మాటలు చాలు.

అపోహ: సేవకు డబ్బు విదేశాల నుంచి వస్తుంది, ఫాదర్ గారి బీరువాలో ఉంటుంది

ఈ మాటకు మూలం లేకపోలేదు. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్లు గుడులు (చర్చిలు), బడులు కట్టించిన రోజులు పెద్దవాళ్ళకు ఇంకా గుర్తే. విన్సెంట్ డి పాల్ సభలో ఒక దేశపు కాన్ఫరెన్స్ (సభ స్థానిక శాఖ) మరో దేశపు కాన్ఫరెన్స్‌కు తోడుగా నిలిచే ట్విన్నింగ్ పద్ధతి కూడా ఉంది. కానీ చట్టం ఇప్పుడు అప్పట్లా లేదు.

విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ, 2010) ప్రకారం రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేని సంఘం విదేశీ విరాళం ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకైనా 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. పరిపాలన ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు. ఇదివరకు 50 శాతం దాకా వీలుండేది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ డబ్బును ఇంకో సంస్థకు బదలాయించకూడదు. అంటే మేత్రాసనం (బిషప్ గారి పరిధి) సేవాసంస్థకు రిజిస్ట్రేషన్ ఉన్నా, ఆ ఖాతా నుంచి మీ ఊరి కాన్ఫరెన్స్‌కు పంపడం కుదరదు. ఫాదర్ గారికి మనసు లేక కాదు.

మరి కువైట్‌లో ఉన్న మనవాళ్ళు పంపితే? ఇక్కడే చాలామంది తికమకపడతారు. మన పాస్‌పోర్టు మీద గల్ఫ్‌లో పనిచేస్తున్నవాళ్ళు తమ జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకుని రసీదు ఇవ్వండి. అదే అమెరికా పౌరసత్వం తీసుకున్న బావగారు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. పుట్టిన ఊరు పాలకొల్లయినా చట్టం ఊరుకోదు. “సెక్రటరీ గారి సొంత ఖాతాలో వేయించుకుని పంచేద్దాం” అనే తెలివి దయచేసి వద్దు. ఇరుక్కునేది ఆ సెక్రటరీయే, మంచికి పోయి.

సరే, మరి డబ్బెక్కడిది? సభ్యుల జేబుల్లోది. 1833 ఏప్రిల్ 23న ప్యారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనాం, ఇంకొందరు కూర్చుని ఈ సభ మొదలుపెట్టారు. ఆ రోజుకు ఓజనాంకు సరిగ్గా ఇరవై ఏళ్ళు. సంపన్నులు కారు, ఎక్కువమంది కాలేజీ విద్యార్థులు. 1863కల్లా సభ బొంబాయికి వచ్చింది. అప్పటి పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. వారానికొకసారి సమావేశం: ప్రార్థన, కాస్త ఆధ్యాత్మిక పఠనం, పోయిన వారం మినిట్సు, కోశాధికారి లెక్క, ఇళ్ళ సందర్శన నివేదికలు, కొత్త కేసులు. చివర్లో గుడ్డసంచి ఒకటి చుట్టూ తిరుగుతుంది. ప్రతి ఒక్కరూ పిడికిలి మూసి లోపల పెట్టి, వేళ్ళు విప్పి తీస్తారు. ఐదొందలు వేసింది ఎవరో, ఉత్త చెయ్యి పెట్టి తీసింది ఎవరో పక్కవాడికి తెలియదు. తెలియకూడదు. ఆ వారం చేపల వేట లేనివాడు కూడా తలెత్తుకుని కూర్చోగలిగేది ఆ సంచి వల్లే. దాని బదులు పేర్ల పట్టిక పెట్టి చందా రాయించిన చోట పేద సభ్యులు ఒక్కొక్కరే రావడం మానేస్తారు.

పన్నెండు మంది సగటున యాభై వేస్తే వారానికి ఆరొందలు, నెలకు రెండువేల నాలుగొందలు. గుడిలో పేదల పెట్టె, ఎవరో పుట్టినరోజుకిచ్చిన వెయ్యి కలిపినా ఈ డబ్బుతో ఆసుపత్రి బిల్లు కట్టలేరు. ఈ లెక్క ముందే చెప్పేయాలి.

ఎందుకంటే ఈ అపోహ నిలువునా ముంచేది ఆసుపత్రి దగ్గరే. “గుడి తరఫున కడతారులే” అనే ధైర్యంతో దగ్గర్లో ఉన్న ఏదో ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పిస్తారు. రెండోరోజు బిల్లు చూసి నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెస్తారు. మూడోరోజు సభ్యుల ఇంటికొస్తారు. చేర్పించక ముందే ఫోన్ చేసి ఉంటే చెప్పేవాళ్ళం: ఆరోగ్యశ్రీ (ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ) జాబితాలో ఆ ఆసుపత్రి ఉందా, ఈ జబ్బుకు అక్కడ వర్తిస్తుందా అని 104కు అడగండి, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకెళ్ళండి, లోపలికెళ్ళగానే డబ్బు కౌంటరుకు కాదు, ఆ పథకం కౌంటరుకు వెళ్ళండి. ప్రాణం మీదకొస్తే మాత్రం ఇవేవీ చూడకుండా 108. సభ దగ్గరున్న చిన్న డబ్బు ఆటోకు, తోడున్న మనిషి రెండు పూటల భోజనానికి, పథకంలో రాని మందుకు పనికొస్తుంది. దాన్ని అడ్వాన్సు కింద ఆసుపత్రికి కట్టేస్తే ఉప్పుటేరులో బిందెడు మంచినీళ్ళు పోసినట్టే.

సభ నిజంగా ఇవ్వగలిగింది ఇద్దరు మనుషుల్ని. ఎప్పుడూ ఇద్దరే వెళ్ళాలి. ఒక్కరే వెళ్తే మాట వస్తుంది, నలుగురు వెళ్తే ఆ ఇంటి పరువు పోతుంది. కూర్చోవాలి. మొదటిసారి బియ్యం సంచి పట్టుకుని వెళ్ళకపోవడమే మంచిది, వెళ్తే మాటలన్నీ సంచి చుట్టూనే తిరుగుతాయి. రాసుకోవడాలు బయటికొచ్చాకే. ఆ ఇంటి విషయం మీటింగు దాటకూడదు, సొంత భార్యకు కూడా.

భర్త పోయిన ఇంటికి వెళ్ళినప్పుడు ఏం చూడాలో విడమరిచి చెప్పాలి. మన కుటుంబాల్లో పదే పదే జరిగే పొరపాటు ఇది: సమాధి జరిగాక గుడి రిజిస్టర్లో రాయించి, “అయిపోయింది కదా” అనుకుంటారు. గుడి రిజిస్టరు మరణ ధ్రువపత్రం కాదు. ఇంట్లో పోతే 21 రోజుల్లోగా పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించాలి. ఆలోపు రుసుము లేదు. ఆ తర్వాత ఆలస్య రుసుము, నెల దాటితే అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు. ఆ కాగితం లేకపోతే బ్యాంకు ఖాతా కదలదు, నెలకు 4,000 రూపాయల పింఛను భార్య పేరుకు మారదు.

తర్వాత ఆయన బ్యాంకు పాస్‌బుక్ అడగండి. మే నెలాఖరు, జూన్ మొదటి పేజీలు తిప్పండి. అక్కడ 436 రూపాయలు కోసుకున్న ఎంట్రీ ఉంటే అది ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా ప్రీమియం. ఏ కారణంతో పోయినా 2 లక్షలు. ఈ బీమా 55 ఏళ్ళతో ఆగిపోతుంది, వయసు చూసుకోండి. 20 రూపాయలు కోసుకుని ఉంటే అది సురక్షా బీమా. ప్రమాదంలో పోతే 2 లక్షలు. పాము కాటు కూడా ప్రమాదమే, కానీ వైద్యం రికార్డులు దాచాలి. పాస్‌బుక్‌లో ప్రింటు కొట్టించక ఏడాదైతే ముందు బ్యాంకుకెళ్ళి కొట్టించండి. ఆ ఎంట్రీ ఉందని తెలియకుండానే క్లెయిమ్ ఊసెత్తని ఇళ్ళున్నాయి. ఏ ఫారిన్ ఫండూ ఇవ్వనంత డబ్బు ఆ నలిగిన పుస్తకంలో ఉండొచ్చు. దాన్ని తీసి చూడ్డానికి కావలసింది కళ్ళజోడు, ఒక మధ్యాహ్నం.

లెక్కల విషయం ఒక్కమాట. ఖాతా కాన్ఫరెన్స్ పేరుతోనే ఉండాలి, ఇద్దరి సంతకాలతో నడవాలి, వారం వారం మిగులు చదివి వినిపించాలి. డబ్బు పోగేసి ఎఫ్‌డీ వేయడం సభ పద్ధతి కాదు. వచ్చింది వచ్చినట్టు పేదవాడికి చేరాలి. మిగులు పెరుగుతూ పోతోందంటే పొదుపు అనుకోకండి, ఇళ్ళకు వెళ్ళడం తగ్గిందని అర్థం.

అపోహ: లీజియన్ ఆఫ్ మేరీ వాళ్ళు ఒట్టి చేతుల్తో వస్తారు, పిసినారులు

వాళ్ళ నియమమే అది. 1921లో డబ్లిన్‌లో మొదలైన ఈ గృహస్థుల ప్రార్థన, పరామర్శ సంఘంలో వస్తుసాయం, డబ్బుసాయం ఇవ్వకూడదని నిబంధన. స్థాపకుడు ఫ్రాంక్ డఫ్ స్వయంగా విన్సెంట్ డి పాల్ సభ్యుడు. సాయం ఆ సభ చూసుకుంటుంది, మీరు మనిషిని చూడండి అని పని వేరు చేశారు. వాళ్ళూ ఇద్దరిద్దరుగానే వెళ్తారు, వారం వారం చేసిన పని మీటింగులో చెప్తారు. వాళ్ళకు కష్టంలో ఉన్న ఇల్లు కనబడితే విన్సెంట్ డి పాల్ వాళ్ళకు కబురు చేయాలి. రెండు సంఘాలూ ఒకే విచారణలో ఉండి మాట్లాడుకోకపోతే ఒక ఇంటికి రెండుసార్లు బియ్యం వెళ్తాయి, ఇంకో ఇంటికి అసలు వెళ్ళవు.

అపోహ: సాయం తీసుకుంటే మతం పుచ్చుకోవాలి

లేదు. ఈ షరతు పెట్టినవాడు శ్రీసభ (కతోలిక చర్చి) మాట జవదాటినవాడు. బలవంతంగా గానీ, ప్రలోభాలతో గానీ ఎవరినీ విశ్వాసంలోకి తేకూడదని రెండో వాటికన్ మహాసభ వేదప్రచార డిక్రీ (1965) నిషేధించింది. పెద్దవాళ్ళ జ్ఞానస్నానానికి (బాప్తిస్మానికి) సొంత ఇష్టం, ఉపదేశం, కొంతకాలం పరీక్ష తప్పనిసరి. ఒక బియ్యం సంచికి అయ్యే పని కాదది. పంపిణీ చోట సభ్యులు పాటించాల్సింది: ప్రసంగం లేదు, పటాలు పంచడం లేదు, తీసుకునేవాళ్ళ ఫొటో అసలే లేదు. హిందువుల ఇంట్లో, ముస్లిముల ఇంట్లో ప్రార్థన చేయాలా అని కొత్త సభ్యులు భయపడుతూ అడుగుతారు. వాళ్ళు అడిగితే చేయండి. అడగకపోతే ఆరోగ్యం విచారించి రండి.

అపోహ: పనంతా ఫాదర్ గారిది, సిస్టర్లది, మనం చందా ఇస్తే చాలు

కాన్ఫరెన్స్ అధ్యక్షులు గృహస్థులే. ఫాదర్ గారు ఆధ్యాత్మిక సలహాదారు. ప్రతి విచారణలో ఆర్థిక మండలి ఉండి తీరాలని 1983 శ్రీసభ చట్టం 537వ నిబంధన. మీ దగ్గర లేకపోతే మర్యాదగా అడగండి, తప్పులేదు.

ఇంకోటి, పసిబిడ్డ తల్లులు కంగారుగా అడిగేది. పుట్టిన బిడ్డకు ప్రాణాపాయం, ఫాదర్ గారు అందుబాటులో లేరు, ఏం చేయాలి? అమ్మా, అలాంటప్పుడు జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వొచ్చు, నర్సయినా, అమ్మమ్మయినా. మామూలు నీళ్ళు తల మీద పోస్తూ, “నేను నీకు పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున జ్ఞానస్నానం ఇచ్చుచున్నాను” అనాలి. పోసేవాళ్ళే ఆ మాటలు అనాలి, ఒకరు పోసి ఒకరు చెప్పడం కాదు. తర్వాత విచారణలో చెప్పి రాయించండి. బిడ్డ కోలుకుంటే మళ్ళీ జ్ఞానస్నానం ఉండదు, మిగిలిన తంతు గుడిలో పూర్తిచేస్తారు.

అపోహ: వరదొస్తే పాత బట్టలు మూటగట్టి పంపితే పుణ్యం

తడిసిన గోదావరి లంకలో చిరిగిన పట్టుచీర ఏం చేసుకుంటారు? నైటీలు, లుంగీలు, తువ్వాళ్ళు, శానిటరీ ప్యాడ్లు, కొత్తవి. దోమల చక్రాలు, అగ్గిపెట్టెలు పాలిథీన్‌లో చుట్టి. తాగునీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. వండింది పంపాలనుకుంటే పులిహోర. పప్పన్నం కట్టిస్తే పడవ చేరేలోపు పులిసిపోతుంది.

అంతకన్నా ముందు చేయాల్సింది జాబితా. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటిది ఇవ్వగానే డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళు, నెలలు నిండిన గర్భిణులు, మంచం దిగలేని ముసలివాళ్ళు ఎవరెవరు ఏ లంకలో ఉన్నారో రాసుకోవాలి. రెండోదానికి ముందే గట్టు దాటించాలి. మూడో హెచ్చరిక దాకా ఆగి పడవ వెతకొద్దు.

బియ్యం సంగతితో ముగిస్తాను. చాలా విచారణల్లో పిడికెడు బియ్యం పద్ధతి ఉంది. రోజూ ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు పక్కన వేస్తారు. పిడికెడంటే సుమారు యాభై గ్రాములు. నలభై ఇళ్ళ నుంచి వారానికి పధ్నాలుగు కిలోలు. కానీ అన్నీ ఒకే డ్రమ్ములో పోస్తే ఇంట్లో తినే స్వర్ణ, సన్న బియ్యం, కోటా బియ్యం కలిసిపోతాయి. సగం గింజ చిమిడిపోతుంది, సగం పలుకుగా ఉండిపోతుంది. తీసుకున్నవాళ్ళు నోరు తెరిచి చెప్పరు, కోళ్ళకు వేస్తారు. కోటా బియ్యంలో తేలే గింజలు ప్లాస్టిక్ అనే గోల ఒకటి. అవి పోషకాలు కలిపిన ఫోర్టిఫైడ్ గింజలు, నూటికొకటి చొప్పున కలిపినవి, ఏరి పారేయకండి. మూతలు గట్టివి రెండు డ్రమ్ములు కొనండి, కోటా బియ్యం ఒకదాంట్లో, మిగతావి ఇంకోదాంట్లో. ముసురు పట్టిన నెలల్లో వారం దాటి నిల్వ ఉంచితే పురుగు పడుతుంది. ఆదివారం పూజ తర్వాత సేకరించింది బుధవారం లోపు ఇళ్ళకు చేర్చేయండి.